ఎదురు తిరిగిన చక్రం

“రెండు చేతులకూ గ్లవుజులు ఉండినాయా?” కుళ్లాయప్ప మళ్లీ అడిగాడు.

“ఉండినాయన్నా. కొత్తవి. మల్లెపూల మాదిరి తెల్లగా ఉండినాయి. ఆస్పత్రిలో పోలీసాయన తీసి కవర్లో ఏసుకున్నాడు,” అంది మస్తానాబీ.

ఫ్యాక్టరీ గేటు పక్కన ప్రహరీ నీడలో నిలబడి ఉన్నారిద్దరూ. మొన్న మధ్యాహ్నం ఆమె భర్త అబ్దుల్ గఫూర్ ఈ గేటు లోపలే ప్రాణం వదిలాడు. నిన్న మట్టి చేశారు. మొగుడు పోయాక పాటించే ఇద్దత్తు గడువులో ఆడమనిషి గడప దాటకూడదని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డం పడితే, “అల్లాకు నేను జవాబు చెప్పుకుంటా” అని ఈ పొద్దున కుళ్లాయప్ప ఆఫీసు మెట్లెక్కింది. “మా ఆయన తన తప్పుతోనే సచ్చిపోయినాడంట. నేను నమ్మనన్నా” అంది. డిటెక్టివ్ కుళ్లాయప్ప పదేళ్ల అనుభవంలో ఏడ్చేవాళ్లను చాలామందిని చూశాడు. ఈమె ఏడవలేదు. అందుకే చేతిలో ఉన్న పని పక్కన పెట్టి వెంట వచ్చాడు.

ఆమె కొంగుముడి విప్పి నల్లదారం కట్టిన వెండి తాయెత్తు తీసింది.

“ఇది ఆయన మెడలోది. స్నానం చేయించేటప్పుడు మా తమ్ముడు తీసి నాకిచ్చినాడు.”

“ఎప్పుడూ మెడలోనే ఉంటుందా?”

“మిషను కాడ ఉండదన్నా. స్విచ్చి ఏసే ముందర తీసి గోడ మేకుకు తగిలిస్తాడు. ఉంగరం గూడా తీసి జేబులో ఏసుకుంటాడు. చొక్కాలు కొంటే చేతులు మోచేతి పైకి కత్తిరించి నేనే అంచు కుట్టల్ల. తిరిగే చక్రం కాడ వేలాడేది ఏదీ ఉండకూడదని మా ఇంట్లో చిన్నపిల్లోళ్లకు గూడా తెలుసు. అట్లాంటోడు మెడలో తువ్వాలు ఏసుకొని పనికి నిలబడతాడా?”

కుళ్లాయప్ప చెయ్యి చాపాడు. తాయెత్తును ఒకసారి అరచేతిలో తిప్పి చూసి ఆమెకే ఇచ్చేశాడు. పోలీసు శాఖలో చేరకముందు అతను మూడేళ్లు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడు. పోలీసు ఉద్యోగం మానేసి సొంతంగా బోర్డు పెట్టుకున్నాక కూడా ఆ మూడేళ్లే అతనికి ఎక్కువ అన్నం పెట్టాయి. తిరిగే చక్రం దగ్గర గుడ్డ గ్లవుజు తొడుక్కోవడమంటే పాము పుట్టలో చెయ్యి పెట్టడమేనని ఆ వర్క్‌షాపులో మొదటిరోజే నేర్పారు. గ్లవుజు దారం ఒక్కటి చక్రానికి చిక్కిందా, వేలుతో ఆగదు, చెయ్యంతా లాక్కుంటుంది.

“ఈడే ఉండమ్మా. లోపలికి నేను పోయొస్తా,” అన్నాడు.

*

కొండమీదరాయ ఇంజనీరింగ్ వర్క్స్‌లో బోరింగు పంపుల సామాన్లు చేస్తారు. వరసగా రెండో ఏడు వాన లేదు. ఊరూరా బోర్లు వేయిస్తున్నారు, కాబట్టి ఫ్యాక్టరీకి ఊపిరి తిరగనంత పని ఉంది. మిగతా షెడ్డులో ఇనుమును తిప్పి కోసే లేతు మిషన్లు వరసగా ఉంటే, వెనక గదిలో ఒంటరిగా ఉంది గఫూర్ మిషను.

ఇనుమును కోసినా, మర తీసినా అంచున రంపపు పళ్లలాంటి సన్నని ముళ్లు మిగులుతాయి. వాటిని బర్ అంటారు. వాటిని గీకి అంచు నున్న చేసేదే బర్ మిషను. నడుమెత్తు దిమ్మె మీద మోటారు, దాని ఇరుసుకు కుడివైపు పళ్లెమంత తీగల చక్రం, చక్రం ముందు వస్తువును ఆనించి పట్టుకోవడానికి చిన్న ఇనుప పలక. చక్రం మీద ఉండాల్సిన కాపురేకును ఎవరో ఊడదీసి నేల మీద పడేశారు.

ఆ రేకు పక్కన కుర్చీ వేసుకొని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పరబ్రహ్మం కూర్చున్నాడు. తెనాలి వైపు మనిషి. ఈ జిల్లాకు వచ్చి ఏడాది కాలేదు, ఎండ ఇంకా పడలేదు.

“రండి రండి కుళ్లాయప్పగారూ! శవం కనపడితే చాలు, మీరు వాలిపోతారేంటండీ?” అన్నాడు లేవకుండానే.

“శవం తీసేసినాకనే వచ్చినా కద సార్. మీకు అడ్డం రాకూడదని.”

ఇన్‌స్పెక్టరు వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు ఓనరు నరసింహప్ప: పొట్టి మనిషి, తెల్ల చొక్కా, తెల్ల పంచె, భుజాన కండువా, ఎదుట ఎవరున్నా కొంచెం వంగి మాట్లాడే అలవాటు. రెండోవాడు సూపర్‌వైజరు వెంకటరాముడు: ఎత్తరి, ముఖం మీద ఎప్పుడూ చిరాకే.

“కేసు తేలిపోయిందండీ,” అన్నాడు పరబ్రహ్మం. “కాపురేకు తనే ఊడదీశాడు. మెడలో తువ్వాలు వేసుకున్నాడు. చేతులకు గ్లవుజులు. తువ్వాలు ఇరుసుకు చుట్టుకుంది, మెడ బిగుసుకుంది. మోటారు మీద భారం పడి ఫ్యూజు పోయింది. తల వెనక వాపు ఉంటే అది దిమ్మెకు తగిలింది. మనిషి అజాగ్రత్తకు మిషనేం చేస్తుంది? సాయంత్రానికి కాగితాలు పూర్తి చేసి గది అప్పగించేస్తున్నాను.”

“మొదట చూసిందెవరు?”

“నేనే,” అన్నాడు వెంకటరాముడు విసురుగా. “భోజనాల టైములో హోటలుకు పోయి టీ తాగొచ్చినా. వచ్చి చూస్తే ఇట్లుండాది.”

“హోటల్లో నిన్ను చూసినోళ్లు ఎవరన్నా ఉండారా?”

“టీ తాగేదానికి గూడా సాక్షులు కావల్నా ఏమప్పా?”

“మనిషి సచ్చిపోయిన పూట కావల్ల.” కుళ్లాయప్ప ఓనరు వైపు తిరిగాడు. “మీరు యాడుండినారు నరసింహప్పగారూ?”

“ఆఫీసు గదిలోనే సామీ. ఒక్కన్నే సద్ది తింటా ఉండినా. గఫూర్ బంగారట్లాంటి మనిషి. నా తమ్మునికంటే ఎక్కువ.” కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. “కదిరిలో మోటారు వైండింగు అంగడి పెట్టుకొని బతికిన నేను ఈ పొద్దు ఇంతోన్ని అయినానంటే ఇట్లాంటోళ్ల చేతుల చలవే.”

“ఆ పొద్దు గఫూర్ మీ గదికి వచ్చినాడా?”

“లేదు సామీ.”

కుళ్లాయప్ప మోకాళ్ల మీద కూర్చుని మిషను ఇరుసు దగ్గరికి ముఖం తీసుకుపోయాడు. పోలీసులు తువ్వాలును కత్తిరించి తీసుకెళ్లారు. కానీ చక్రానికీ మోటారుకూ మధ్య ఇరుసు మీద నాలుగైదు చుట్లు బిగుసుకొని అలాగే ఉన్నాయి. కత్తిరించిన చోట జానెడు గుడ్డ తోక వేలాడుతోంది. ఆ తోక ఎటునుంచి వచ్చిందో చూసి కుళ్లాయప్ప పెదవి కొరుక్కున్నాడు. తర్వాత జేబులోంచి చిన్న టార్చి తీసి తీగల కొనలు చూశాడు. అవతలి గదిలో లేతుల చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది, కరెంటు కోత టైము.

“సార్, ఈడికి రండి. మీ పెన్సిలు ఒకసారి ఇయ్యండి.”

పరబ్రహ్మం అయిష్టంగా లేచి పెన్సిలిచ్చాడు. కుళ్లాయప్ప దానికి తన చేతిగుడ్డ కొసను అంటించి పట్టుకుని, గుడ్డ రెండో కొసను ఇన్‌స్పెక్టరు చేతికిచ్చాడు.

“ఈ పెన్సిలే ఇరుసు అనుకోండి. ఈ మిషను చక్రం ముందువైపు కిందికి దిగుతూ తిరుగుతాది. అట్ల తిరిగితేనే పట్టుకున్న సామాను పలక మీదికి అదుముకుంటాది, జారదు. ఇనుప రజను గూడా కిందికే పడతాది, మొహాన కొట్టదు. అట్లే తిప్పుతాండా, చూడండి.”

పెన్సిలు తిరిగింది. గుడ్డ పెన్సిలు కిందుగా దూరి, ఇన్‌స్పెక్టరు చేతిని ముందుకు లాగింది.

“గుడ్డ యాడినుంచి లోపలికి పోయింది?”

“కిందనుంచి. అయితే?”

“గఫూర్ మెడను లాగిన తువ్వాలు గూడా ఇరుసు కిందనుంచే పోవల్ల. ఈ తోక చూడండి. ఇరుసు పైనుంచి వచ్చింది. అంటే ఇది మిషను చుట్టిన తువ్వాలు కాదు సార్. మిషను ఆగి ఉన్నప్పుడు ఎవరో చేత్తో చుట్టినారు. ఎటు చుట్టల్లనో తెలీక ఎదురు చుట్టినారు.”

నరసింహప్ప కండువా సర్దుకున్నాడు. వెంకటరాముడు పళ్లు కొరికాడు.

పరబ్రహ్మం నవ్వేశాడు. “చక్రం కిందికి తిరుగుతుందని మీరు కలగన్నారేంటండీ? పైకి తిరుగుతుందేమో!”

“తీగల కొనలు ఎటు వాలినాయో చూడండి. ఏండ్ల తరబడి ఒకే వైపు తిరిగి తిరిగి...”

“తీగలూ వాలడాలూ నాకొద్దు! కోర్టులో జడ్జిగారు తీగలు చూడరు. కరెంటు రాగానే ఫ్యూజు కట్టించి మిషను వేద్దాం. చక్రం కిందికి తిరిగిందా, కేసు మళ్లీ తెరుస్తాను. పైకి తిరిగిందా, మీరు ఈ గేటు దాటి లోపలికి రాకూడదు. ఒప్పందమేనా?”

“ఒప్పందమే,” అన్నాడు కుళ్లాయప్ప, అక్కడున్న ప్రతి ఒక్కరికీ వినపడేలా. “కరెంటు వస్తానే చక్రం ఎటు తిరుగుతాదో అదే చెప్తాది, గఫూర్ ఎట్ల సచ్చినాడో.”

అంత గట్టిగా అనడం ఊరికే కాదు. పెన్సిలు తిప్పుతున్నంతసేపూ అతని చెవి వెనక నిలబడినవాళ్ల ఊపిరి మీదే ఉంది. ఒకరి ఊపిరి తప్పింది. ఎవరిదో మాత్రం తేలలేదు. రాయి విసిరితే పొదలోంచి ఏదో ఒకటి కదులుతుందని అతని నమ్మకం.

“కరెంటు వచ్చేదాకా ఆఫీసులో కూర్చుందాం రాండి సార్. మజ్జిగ తెప్పిస్తా,” అంటూ నరసింహప్ప వంగి దారి చూపించాడు.

*

కుళ్లాయప్ప మజ్జిగకు పోలేదు. షెడ్డు వెనక వసారాలో సామాన్లు ఏరి గంపల్లో వేసే తిప్పమ్మ దగ్గరికి పోయాడు. ముప్పై ఏళ్ల మనిషి. వేళ్ల నిండా గీతలు, వాటి మీద పసుపు.

“ఏమ్మా, చేతులు ఇట్ల కోసుకపోయినాయి?”

“బర్ తియ్యని సామాను ఏరితే ఇట్లనే అయితాదన్నా. ముందర ఇట్ల లేకుండె. గఫూరన్న మిషను మీద పోయిన కడ్డీ చంటిబిడ్డ చెంప మాదిరి ఉంటాండె. అదమకుండా, తీగ కొనలు అట్లట్ల తగిలీ తగలనట్ల ఆడిస్తాండె. ‘చేతిబలం పెడితే తీగలు వంగిపోతాయి తిప్పమ్మా, ముల్లు మాత్రం పోదు’ అంటాండె.”

“మరి ఇప్పుడెందుకు తియ్యకుండా పోతాండాయి?”

ఆమె ఆఫీసు గది వైపు చూసి గొంతు తగ్గించింది. “లారీలు నిలబడి ఉండాయని, నెల దినాల నుంచి లేతు మీదనుంచి నేరుగా పెట్టెల్లోకి ఏయమన్నారు. గఫూరన్న ఒప్పుకోలే. పంపు లోపల తోలు వాషరు ఉంటాది కదన్నా, దాన్ని మోసే కడ్డీకి ముల్లు ఉంటే తోలు కోసుకపోతాది. బోరింగు కొట్టినా నీళ్లు పైకి రావు. కంబదూరు పక్క గఫూరన్న అత్తగారి ఊర్లో అదే అయ్యింది. ఉన్నది ఒక్క బోరింగు. అది పోతే ఆడోళ్లు బిందెలెత్తుకొని పక్కూరికి పోతాండారంట.”

“ఈ సంగతి గఫూర్ ఎవరితో చెప్పినాడు?”

“మొన్న పొద్దున తువ్వాల్లో ఏందో చుట్టుకొని తెచ్చినాడన్నా, మూరెడు ఉండాది. ఏందన్నా అదంటే నవ్వి, ‘పెద్దోళ్ల పంటి కింద రాయి’ అన్నాడు. భోజనాలకు గంట కొట్టినాంక అది పట్టుకొని ఆఫీసు గది పక్క పోయినాడు. మళ్ల నేను చూసింది శవాన్నే.”

“ఇది పోలీసోళ్లకు చెప్పినావా?”

“నన్నెవరు అడిగినారన్నా?”

“ఆఫీసు గదిలో ఎవరెవరు కూర్చుంటారు?”

“సావుకారీ, సూపర్‌వైజరూ. ఇద్దరే.”

ఇద్దరే. అందులో ఒకరు టీ తాగడానికి పోయానంటున్నాడు, ఒకరు సద్ది తింటున్నానంటున్నాడు. కుళ్లాయప్ప ఇంకో ప్రశ్న అడగబోతుండగా షెడ్డులో ట్యూబులైట్లు వెలిగాయి. లేతులు ఒక్కొక్కటే గుర్రుమన్నాయి. కరెంటు వచ్చింది.

అతను పరుగులాంటి నడకతో వెనక గదికి చేరేసరికి పరబ్రహ్మం అప్పటికే మిషను ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక ఇనుప కడ్డీ. వెంకటరాముడు తలుపు దగ్గర, నరసింహప్ప గోడ వారగా నిలుచున్నారు.

“సార్, ఆగండి! మొదట నట్టు బిగువు చూడల్ల. చేత్తో ఒక చుట్టు తిప్పి చూడల్ల. స్విచ్చి ఏసేటప్పుడు చక్రానికి ఎదురుగా నిలబడకూడదు, పక్కకు జరగండి. కాసేపు వట్టిగా తిరగనియ్యల్ల...”

“మీ వర్క్‌షాపు పాఠాలు నాకొద్దండీ,” అంటూ పరబ్రహ్మం స్విచ్చి నొక్కేశాడు.

మోటారు హుంకరించింది. చక్రం కదిలింది, మసకబారి కనపడకుండా తిరిగింది. కదిలిన ఆ మొదటి చుట్టులోనే కుళ్లాయప్ప చూశాడు. ముందువైపు కిందికి దిగడం లేదు. పైకి లేస్తోంది.

“చూశారా!” పరబ్రహ్మం గొంతు పండగలా ఉంది. “పైకే తిరుగుతోంది! తువ్వాలు పైనుంచే పోవాలి! ఏవండీ డిటెక్టివుగారూ?”

ఆ ఉత్సాహంలో చేతిలో ఉన్న కడ్డీని చక్రానికి ఆనించాడు. అది పలక మీద నిలవలేదు. చక్రం దాన్ని ఎత్తి విసిరింది. కడ్డీ ఇన్‌స్పెక్టరు టోపీ అంచును రాసుకుంటూ పోయి పైకప్పు రేకును చీల్చుకొని బయటపడింది. మోటారు శబ్దం మారింది. చక్రం నడుమ నట్టు సన్నగా, మెల్లగా బయటికి జరుగుతోంది.

కుళ్లాయప్ప ఇన్‌స్పెక్టరు బెల్టు పట్టుకొని పక్కకు గుంజాడు. ఇద్దరూ కలిసి నేల మీద పడ్డారు. మరుక్షణం చక్రం ఇరుసు నుంచి ఊడి, అతను నిలబడి ఉన్న చోటినుంచి దూసుకుపోయి ఎదుటి గోడకు తగిలింది. ఇటుక పెళ్లలు రాలాయి. నేల మీద గిరగిరా తిరిగి తిరిగి, చివరికి వెంకటరాముడి కాళ్ల దగ్గర ఆగింది.

కుళ్లాయప్ప పడుకున్న చోటినుంచే చెయ్యి చాపి స్విచ్చి ఆపాడు.

*

పరబ్రహ్మం లేచి కుర్చీలో కూలబడ్డాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. నరసింహప్ప పరుగున వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. ఇన్‌స్పెక్టరు గటగటా తాగాడు.

“మీ ఒప్పందం మీరే గెలిచినారు సార్,” అన్నాడు కుళ్లాయప్ప చొక్కా దులుపుకుంటూ. “చక్రం పైకే తిరిగింది. ఇప్పుడు ఈ తీగలు చూడండి.”

ఊడిపడిన చక్రాన్ని తెచ్చి ఇన్‌స్పెక్టరు ఒడిలో పెట్టాడు. ఈసారి పరబ్రహ్మం కాదనలేదు. తీగల కొనలన్నీ గాలికి వాలిన జొన్నచేనులా ఒకే వైపు ఒరిగి ఉన్నాయి.

“ఇన్నేండ్లు కిందికే తిరిగిన చక్రం ఇది. పైకి తిరిగుంటే కొనలు ఇంకో పక్కకు వాలుండు. ఇంకోటి. ఈ నట్టు మర ఎట్ల పెట్టినారంటే, చక్రం సరైన పక్క తిరిగితే తనంతట తాను బిగుసుకుంటాది. ఎదురు తిరిగితే ఊడొస్తాది. ఈ మిషను ఎప్పుడూ పైకే తిరుగుతాంటే గఫూర్ మొదటిరోజే సచ్చిపోయుండు.”

“అంటే... ఇవాళ ఎవరో...”

“మోటారుకు మూడు వైర్లు వస్తాయి. రెండు వైర్లు అటుదిటు మారిస్తే సాలు, ఎదురు తిరుగుతాది. నేను తువ్వాలు ఎదురు చుట్టినారని చెప్పినంక, ఆ తువ్వాలే సరైందని చూపించేదానికి ఎవరో మిషన్నే ఎదురు తిప్పినారు. మనల్ని సంపల్లని కాదు సార్. నట్టు సంగతి వానికి తెలీదు. మోటారు సంగతి మాత్రం బాగా తెలుసు.”

పరబ్రహ్మం లేచి నిలబడ్డాడు. అతని చూపు తలుపు దగ్గరున్న వెంకటరాముడి మీద పడింది. “కదలకు నువ్వు!”

“నేనేం చేసినా సార్? నాకు ఫ్యూజు ఎయ్యడం గూడా రాదు!” వెంకటరాముడు అరిచాడు.

“ఒక్క నిమిషం,” అన్నాడు కుళ్లాయప్ప. మిషను వెనక్కి పోయాడు. మోటారు పక్కన వైర్లు కలిపే రేకుపెట్టె ఉంది. దాని మూత ఈ ఫ్యాక్టరీలోనే కత్తిరించింది. టార్చి వేశాడు. మూత అంచున సన్నని ముళ్లు, వాటికి ఎర్రగా, ఇంకా ఆరని నెత్తురు.

“వెంకటరాముడూ, చేతులు చూపించప్పా.”

సూపర్‌వైజరు రెండు చేతులూ చాపాడు. నూనె మరకలు తప్ప గాయం లేదు.

కుళ్లాయప్ప నరసింహప్ప వైపు తిరిగాడు. “సార్ నీళ్లు తాగినారు. ఏ చేత్తో ఇచ్చినారు నరసింహప్పగారూ?”

ఓనరు కండువాను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

“ఎదుటోడు పిల్లోడైనా వంగి మాట్లాడే మనిషి. సర్కిల్ ఇన్‌స్పెక్టరుకు ఎడమచేత్తో నీళ్లిచ్చినారు. కుడిచెయ్యి కండువా కింద ఎందుకు దాచినారు?”

మజ్జిగ తెప్పిస్తానని ఓనరు ఆఫీసులోంచి బయటికి పోయిన సంగతి గుర్తొచ్చి, పరబ్రహ్మం రెండంగల్లో పోయి కండువా లాగేశాడు. కుడిచేతి చూపుడువేలికి చుట్టిన గుడ్డపీలిక నిండా నెత్తురు.

“మోటారు వైండింగు అంగడి పెట్టినోడు మిషనును ఎనకనుంచే చూస్తాడు. మోటారు ఆడనే కద ఉండేది,” అన్నాడు కుళ్లాయప్ప. “ఫ్యూజు పీకింది మీరే, తువ్వాలు చుట్టింది గూడా ఎనక నిలబడే. ఆ పక్కనుంచి చూస్తే అంతా తారుమారు. చేతులకు గ్లవుజులు తొడిగితే పనిలో ఉన్నట్ల కనపడతాడనుకున్నారు. ఈ మిషను ముందర మీరు ఒక్క పూటన్నా నిలబడుంటే ఆ పని చేసుండరు.”

నరసింహప్ప గోడకు ఆనుకొని మెల్లగా కిందికి జారాడు. వంగి మాట్లాడే అలవాటు ఇప్పుడు నిజంగానే అతని నడుము విరిచింది.

“లారీ ఆపమన్నాడు,” అన్నాడు నేల చూస్తూ. “ఊరికే ఆపమంటే ఆపుతారా సామీ? ‘ఇది కలెక్టరాఫీసులో చూపిస్తా’ అని తిరిగి పోతాండె. బల్ల మీద తువ్వాలు మూట ఉండె. చేతికి అందింది. ఒక్కటే దెబ్బ. తువ్వాలు చుట్టి ఉండాది కాబట్టి నెత్తురు గూడా రాలే. భోజనాల టైములో ఎవరూ లేకుండిరి, ఈ గదికి ఈడ్చుకొచ్చినా.”

“ఆ మూటలో ఉన్నది ఏంది?”

“పిస్టను కడ్డీ. వాళ్ల అత్తగారి ఊరి బోరింగులోనుంచి పీకి తెచ్చినాడు. ముల్లు ఉన్నది.”

తలుపు దగ్గర అలికిడి అయింది. పైకప్పు రేకు పగిలిన చప్పుడుకు గేటు దాటి లోపలికి వచ్చేసింది మస్తానాబీ. ఆమె వెనక తిప్పమ్మ. ఎంతసేపటినుంచి వింటోందో ఏమో, ఆమె ముఖం మీద ఆశ్చర్యం లేదు.

పరబ్రహ్మం ఆమెను చూశాడు. మొన్న ఇదే ఆడమనిషితో ఆస్పత్రి దగ్గర “నీ మొగుడి అజాగ్రత్తే” అన్న మాట అతనికీ గుర్తొచ్చి ఉండాలి. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“అమ్మా, తప్పు మాదేనమ్మా. మీ ఆయన తప్పేం లేదు.”

ఆమె అతన్ని దాటుకొని నడిచింది. నరసింహప్ప ముందుకు వచ్చి నిలబడింది.

“పనివేళ దాటినంక ఒక గంట ఊరికే చేస్తా, పెట్టెల్లో ఉన్న కడ్డీలన్నీ నేనే నున్న చేసిస్తా అని అడుగుతా అన్నాడే సావుకారీ! పొద్దున నాతో చెప్పి పోయినాడే! అడిగినాడా?”

నరసింహప్ప తల ఊపాడు. “అడిగినాడమ్మా. అదే మొదట అడిగినాడు.”

ఆమె గోడ వైపు తిరిగింది. అప్పుడు వచ్చింది ఏడుపు, రెండు రోజులుగా ఎక్కడ ఆగిందో అక్కడినుంచి. తిప్పమ్మ పసుపు చేతులతో ఆమెను పొదివి పట్టుకుంది.

పరబ్రహ్మం గొంతు సవరించుకున్నాడు. “ఆ కడ్డీ ఎక్కడుంది? కడ్డీ లేకపోతే ఈ ఒప్పుకోలు కోర్టులో నిలవదు. రేపు లాయరు రాగానే అంతా కాదంటాడు. ఎక్కడ దాచావ్?”

“దాయలే సామీ.” నరసింహప్ప మొదటిసారి తలెత్తాడు. “పెట్టెలో ఏసినా. వంద కడ్డీల్లో ఒకటి. శవం ఆస్పత్రికి పోయిన సాయంత్రమే లారీ పోయింది. ఈ పాటికి ఏదో ఊర్లో బోరింగులోకి దించేసుంటారు.”

కంబదూరు చుట్టూ పల్లెలు. పల్లెకొక బోరింగు. ప్రతి బోరింగు ముందరా బిందెల వరస.

“ఎట్లా పట్టుకుంటామండీ? అన్నీ ఒకేలా ఉంటాయిగా!”

“ఉండవు సార్.” కుళ్లాయప్ప చేతిగుడ్డను పెన్సిలునుంచి విప్పి జేబులో పెట్టుకున్నాడు. “అవన్నీ కొత్తవి. ఇదొక్కటి వాడిన కడ్డీ. నీళ్లలో నాని తుప్పు పట్టుంటాది. తోలు గుర్తు పడుంటాది. కొత్తవాటి నడుమ పెడితే చిన్నపిల్లోడైనా ఏరిస్తాడు. జీపు తీపించండి. పోయిన ప్రతి ఊర్లో బోరింగు పైకి తీపిద్దాం. ఎట్లాగూ ముళ్లున్న కడ్డీలే కాబట్టి, తీసినోటినల్లా నున్న చేసి మళ్ల దించాల్సిందే. నేను చక్రం బిగిస్తా. నట్టు సరైన పక్కనే బిగిస్తా.”

అతను రేకుపెట్టె మూత తీసి రెండు వైర్లను మళ్లీ వాటి చోట్లలో పెడుతుండగా ఆఫీసు గదిలో ఫోను మోగింది. ఇన్‌స్పెక్టరుతో వచ్చిన కానిస్టేబులు పోయి విని, పరుగెత్తుకొచ్చాడు.

“సార్! కంబదూరు స్టేషనునుంచి. నిన్న దించిన బోరింగుల్లో ఒకదాన్ని పొద్దున ఎవడో జీపులో వచ్చి పైకి పీకినాడంట. కడ్డీ తీసుకొని పోయినాడంట. ఊరోళ్లు అడ్డం పడితే ఒకాయన తల పగలగొట్టినాడంట.”

నరసింహప్ప ముఖంలో రంగు పోయింది. “నేను ఎవరికీ చెప్పలే సామీ,” అన్నాడు గొణుగుతూ. “ఎవరికీ చెప్పలే.”

చెప్పకపోయినా, కడ్డీ పెట్టెలో పడడం చూసినవాడు ఒకడుండాలి. కుళ్లాయప్ప మూత కిందపెట్టి తలుపు వైపు చూశాడు. సాక్షి లేని టీ తాగొచ్చిన వెంకటరాముడు నిలబడిన చోటు ఖాళీగా ఉంది.